రిపోర్టులో నీళ్ళు బాగున్నాయి, గెడ్డలో చేపలు చచ్చిపోతున్నాయి

గెడ్డగట్టు
మే 29, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పద్మనాభం వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఉండేది విశాఖ మధురవాడలో. స్కూలు వెనకాల ఒక చిన్న గెడ్డ ఉంది. కొండ మీంచి దిగి, రెండు ఊళ్ళు దాటి గోస్తనీ నదిలో కలుస్తుంది. వేసవిలో మోకాలి లోతు కూడా ఉండదు. అయినా నేను చేరిన పదకొండేళ్ళలో పూర్తిగా ఎండింది ఒక్కసారే.

ఈ నెలలో మూడుసార్లు చేపలు చచ్చి తేలాయి. మూడుసార్లూ పొద్దున్నే పశువుల్ని తోలుకొచ్చేవాళ్ళే చూసి చెప్పారు. ఎవరో మందు కలిపారని ఊరంతా అనుకున్నారు. గెడ్డలో వలేసే ఒక కుర్రాడి మీద అనుమానం పడింది. వాడు మా స్కూల్లోనే చదివాడు. మొన్న వాళ్ళమ్మ స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఏడ్చింది. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

మూడోసారి జరిగాక ఒక ల్యాబ్ వాళ్ళని పిలిపించాను. మీటరు తెచ్చి గెడ్డలోనే కొన్ని చూశారు, మిగతావి సీసాలో పట్టుకెళ్ళారు. లీటరుకి మిల్లీగ్రాముల్లో చెప్తున్నాను: టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 410, నైట్రేట్ 18, క్లోరైడ్ 70, కరిగిన ఆక్సిజన్ 8.9. పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) 8.4. తాగునీటికి పెట్టిన ప్రమాణంలో టీడీఎస్ 500, నైట్రేట్ 45, పీహెచ్ 8.5 దాకా ఉండొచ్చు. అంటే ఏదీ హద్దు దాటలేదు. మరి చేపలెందుకు చస్తున్నాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ల్యాబ్‌బెంచి
మే 29, రాత్రి 10:25

మాస్టారూ, రిపోర్టులో టైము రాసుందా? శాంపిల్ ఎన్ని గంటలకు తీశారు? నీటి వేడి ఎంత ఉంది?

గెడ్డగట్టు
మే 29, రాత్రి 10:31

మధ్యాహ్నం 12:40. నీటి వేడి 31 డిగ్రీలు.

ల్యాబ్‌బెంచి
మే 29, రాత్రి 10:58

అయితే ఆ రిపోర్టులో నన్ను ఆపేది మీరు బాగుందనుకున్న అంకే. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ని పట్టి ఉంచుకోలేవు. 20 డిగ్రీల దగ్గర గాలి నుంచి కరిగేది లీటరుకి 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకొస్తే 7.6 మాత్రమే. 31 డిగ్రీల నీటిలో 8.9 ఉందంటే, గాలి ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ ఉంది. ఆ ఎక్కువ ఎక్కడినుంచి వచ్చింది? నీటి లోపలే ఏదో తయారుచేస్తోంది. మీ గెడ్డ రంగు ఎలా ఉంది?

గెడ్డగట్టు
మే 29, రాత్రి 11:05

పచ్చగా. రాళ్ళమీద నాచు చాలా పెరిగింది, జుట్టులా సాగి ఉంది. మా పిల్లలు అడుగు పెడితే జారిపోతున్నారు. గతేడాది ఇంత లేదు.

భీమిలి_తీరం
మే 30, ఉదయం 5:50

మాస్టారూ, నేను చదివింది టెన్తే. ఎనిమిదేళ్ళు రొయ్యల చెరువుల మీద పనిచేశాను కాబట్టి అడుగుతున్నాను. మూడు మాటలు చెప్పండి. చచ్చినవి పెద్ద చేపలా, చిన్నవా? కొర్రమీను గానీ ఇంగిలాయి గానీ చచ్చిందా? ముందురోజు మబ్బేసిందా?

గెడ్డగట్టు
మే 30, ఉదయం 8:15

పశువుల కాపరులని అడిగి వచ్చాను. పెద్ద జల్లలు, పరిగెలు పోయాయి. చిన్న చేపపిల్లలు నీటి పైన నోరు తెరుచుకుని తిరుగుతూ కనబడ్డాయట. కొర్రమీను ఒక్కటి కూడా చావలేదు, పైగా ఆ పొద్దున చేత్తో పట్టుకున్నారట. ముందురోజు మబ్బు సంగతి మూడుసార్లూ నిజమే. మీకెలా తెలిసింది?

భీమిలి_తీరం
మే 30, ఉదయం 8:40

అయితే మందు కాదండీ. డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయింది. ఆ కుర్రాడిని వదిలెయ్యమనండి.

చెరువు మీద రాత్రి కాపలా ఎందుకు ఉంటుందనుకున్నారు, దొంగల కోసం ఒక్కటే కాదు. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని ఉంటాం. ఆ టైములో కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే పంట మొత్తం పోతుంది. చెరువు మరీ పచ్చగా తిరిగినా, ముందురోజు ఎండ లేకపోయినా ఆ రాత్రి ఇంకా భయం. పగలు అదే చెరువులో డీవో చూడండి, బ్రహ్మాండంగా ఉంటుంది.

మందు కలిపితే చిన్నా పెద్దా చూడదు, ముందు చిన్నవే పోతాయి. గాలి చాలకపోతే పెద్దవి ముందు పోతాయి. కొర్రమీను, ఇంగిలాయి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి కాబట్టి బతుకుతాయి. మా నాన్న కాలం నుంచీ తెలిసిన సంగతే ఇది.

రుషికొండ_అల
మే 30, మధ్యాహ్నం 1:20

ఈ అన్న చెప్పిన దానికి నేను కలపాల్సింది తక్కువే. నేను ఆంధ్రా యూనివర్సిటీలో మంచినీటి జీవావరణం మీద పరిశోధన చేస్తున్నాను. మా పుస్తకాల్లో ఇరవై పేజీల్లో ఉన్నది ఆయన మూడు ప్రశ్నల్లో పెట్టేశారు.

నాచు పగలు ఎండతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. కానీ ఊపిరి మాత్రం పగలూ రాత్రీ తీసుకుంటుంది. నాచుతోపాటు చేపలు, పురుగులు, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయి, తయారుచేసేవాళ్ళు ఎవరూ ఉండరు. కాబట్టి సూర్యోదయానికి ముందు అది రోజు మొత్తంలో అట్టడుగుకి చేరుతుంది. ముందురోజు మబ్బేస్తే రాత్రికి మిగిలిన నిల్వే తక్కువ. గెడ్డ పారుతూ, రాళ్ళమీద దూకుతూ ఉంటే గాలి కలుస్తుంది. మేలో పారకం తగ్గి మడుగులు కట్టేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

మీ ల్యాబ్ వాళ్ళు తప్పు చెయ్యలేదు, టైము ఒకటే కుదరలేదు. 24 గంటలూ, రెండు గంటలకొకసారి చూడగలరా?

గెడ్డగట్టు
మే 30, సాయంత్రం 6:10

చూడాలనే ఉంది. మీటరు లేదు. రాత్రికి ల్యాబ్ వాళ్ళు రారు.

ల్యాబ్‌బెంచి
మే 30, రాత్రి 9:15

మీటరు అక్కర్లేదు. హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ మా మీటర్లని సరిచూసుకునే పద్ధతి. మీ స్కూల్లో బ్యూరెట్టు (చుక్కచుక్కగా కొలిచి పోసే గాజు గొట్టం) ఉంటే చాలు.

300 ఎంఎల్ బీవోడీ సీసాని (నీటి పరీక్షకి వాడే మూత సీసా) నీటిలో ముంచి, బుడగ లేకుండా నింపండి. మాంగనీస్ సల్ఫేట్ 2 ఎంఎల్, తర్వాత క్షారం కలిపిన అయోడైడ్-అజైడ్ ద్రావణం 2 ఎంఎల్ పోసి మూత పెట్టి తిరగేయండి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి కడుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. అస్సలు లేకపోతే తెల్లగా ఉంటుంది. అంటే గెడ్డ ఒడ్డునే కంటికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ల్యాబ్‌లో గంధకామ్లం పోస్తే మడ్డి కరిగి అయోడిన్ వస్తుంది, దాన్ని థయోసల్ఫేట్‌తో, గంజి సూచికతో కొలవాలి.

ఒక్క జాగ్రత్త. అజైడ్ విషం, ఆమ్లం గాఢమైనది. పిల్లల చేత పోయించకండి, వాళ్ళకి సీసా రంగు చూపించండి చాలు. ద్రావణాలు నేను కలిపిస్తాను, ఆదివారం మద్దిలపాలెంలో తీసుకోండి.

ఎర్రమట్టి
మే 31, ఉదయం 7:30

చర్చ మొత్తం చదివాను. నేను వ్యవసాయ శాఖలో భూసార పరీక్షల మీద ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందరూ నీటి గురించే మాట్లాడుతున్నారు. నాకు గట్టు గురించి చెప్పండి. గతేడాది ఇంత నాచు లేదన్నారు కదా. ఈ ఏడాదిలో గట్టున ఏం మారింది?

గెడ్డగట్టు
మే 31, ఉదయం 9:05

సార్, మారింది చాలా ఉంది. డిసెంబరులో పైన కొత్త లేఅవుట్ వేశారు. గట్టు వెంట దాదాపు రెండు వందల మీటర్లు చెట్లు తీసేశారు. కానుగలు, నేరేళ్ళు, పెద్ద ఏరుమద్దులు రెండు. హుద్‌హుద్ తుఫానుకి, అంటే 2014 అక్టోబరు 12న, స్కూలు రేకులు ఎగిరిపోయినా కదలని చెట్లవి. ఇప్పుడక్కడ ఎర్రమట్టి పరిచి టిప్పర్లు తిప్పుతున్నారు. ఏప్రిల్ చివర్లో ఒక గాలివాన పడితే గెడ్డ రెండు రోజులు ఎర్రగా పారింది. దానికి కాస్త పైన కోళ్ళ ఫారం ఎరువు గట్టు మీదే కుప్ప పోసి ఉంది.

ఎర్రమట్టి
మే 31, ఉదయం 11:50

ఇప్పుడు లెక్క కుదిరింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన కొండలు, సింహాచలం, కైలాసగిరి, యారాడ, మీ వెనకాల కొండా, ఎక్కువగా ఖోండలైట్ రాయి. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండు గిరిజనుల పేరుమీద పెట్టిన పేరది. గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు ఉన్న రాయి. మన ఎండకీ వానకీ కుళ్ళిపోయి మెత్తబడుతుంది, ఇనుము తుప్పుగా మారి మట్టంతా ఎర్రబడుతుంది. భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లో ఇసుక రేణువుకి పట్టిన పూత కూడా ఆ తుప్పే.

ఈ ఇనుప తుప్పుకి ఒక గుణం ఉంది. భాస్వరాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మన ఎర్రనేలల రైతులు సూపర్ ఫాస్ఫేట్ వేసినా పంటకి పూర్తిగా అందకపోవడానికి ఇదొక కారణం. కోళ్ళ ఎరువులో భాస్వరం బాగా ఉంటుంది. వాన పడినప్పుడు ఆ ఎరువు రసం, లేఅవుట్ ఎర్రమట్టి కలిసి గెడ్డలోకి దిగాయి. మట్టి భాస్వరాన్ని పట్టుకుని మడుగు అడుగున కూర్చుంది. గాలి తగిలినంత కాలం అది అక్కడే బందీగా ఉంటుంది. మంచిదేగా అనిపిస్తుంది.

కానీ అడుగున ఆక్సిజన్ అయిపోయిన రాత్రి ఆ తుప్పు తన రూపం మార్చుకుంటుంది. నీటిలో కరిగే ఇనుముగా మారిపోతుంది. అలా మారగానే పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. ఇంగ్లండ్ సరస్సుల మీద క్లిఫర్డ్ మార్టిమర్ 1941, 42 సంవత్సరాల్లో ఇది చూపించాడు. మన దగ్గర మట్టిలోనే ఇనుము ఎక్కువ కాబట్టి నాకు ఇంకా భయం. భాస్వరం పైకొస్తే నాచు పెరుగుతుంది. నాచు పెరిగితే రాత్రి ఆక్సిజన్ ఇంకా పడుతుంది. అది పడితే బురద ఇంకా వదులుతుంది. దీనికి తోడు చెట్ల నీడ పోయింది, ఎండ నేరుగా నీటి మీద పడుతోంది, నాచుకి ఇంకేం కావాలి.

మీ రిపోర్టులో ఫాస్ఫేట్, అంటే ఈ భాస్వరం, అంకే లేదు, గమనించారా? తాగునీటి పట్టికలో అది ఉండదు. చేపలు బతికే నీటికి ఆ పట్టిక సరిపోదు.

రుషికొండ_అల
మే 31, మధ్యాహ్నం 12:40

సార్, దీన్ని నేను ప్రింటు తీసుకుని మా గదిలో పెట్టుకుంటున్నాను.

సిటీ_వాసి
మే 31, రాత్రి 8:20

అంత మట్టి దిగుతోందంటే గెడ్డకి రెండువైపులా సిమెంటు గోడ కట్టించమని అర్జీ పెట్టండి. మా కాలనీలో కట్టారు, మట్టి రావడం ఆగింది. ఒకసారి ఖర్చు, తర్వాత టెన్షన్ ఉండదు.

ఏరుమద్ది
మే 31, రాత్రి 9:45

అన్నా, దయచేసి ఆ మాట అర్జీలో రాయించకండి. నేను నర్సరీ నడుపుతాను, గెడ్డల వెంట మొక్కలు పెట్టే పని పదేళ్ళుగా చేస్తున్నాను.

మే నెలలో వాన లేకుండా గెడ్డలో నీళ్ళు ఎక్కడివి? కొండ మట్టిలో ఇంకిన నీరు మెల్లగా ఊటగా గట్టు లోంచి, అడుగు ఇసుకలోంచి దిగుతున్నవే. మాస్టారి గెడ్డ పదకొండేళ్ళలో ఒక్కసారే ఎండిందంటే ఆ ఊట వల్లే. గోడ కట్టి అడుగున సిమెంటు వేస్తే ఊటకి తలుపేసినట్టు. వానాకాలంలో నీరు జారిపోయి కింది ఊరి మీద పడుతుంది, వేసవిలో గెడ్డ ఉండదు, కాలువ ఉంటుంది.

రుషికొండ_అల
మే 31, రాత్రి 10:30

ఇంకొకటి కూడా. గెడ్డ అడుగున ఇసుక, గులకరాళ్ళ మధ్య సందుల్లో పై నీరూ భూగర్భజలమూ కలిసే పొర ఉంటుంది. రుమేనియాకి చెందిన ఒర్గిదాన్ 1959లో దానికి ప్రత్యేకంగా పేరు పెట్టి వర్ణించాడు. కొన్ని చేపల గుడ్లు, పురుగుల పిల్లలు అక్కడే దాక్కుంటాయి. మెత్తటి ఎర్రమట్టి ఆ సందుల్ని పూడ్చేసినా, సిమెంటు మూసేసినా నష్టం ఒకటే.

గట్టు మట్టి చేసే పని ఇంకోటి ఉంది. చెట్ల వేళ్ళు, కుళ్ళిన ఆకులు ఉన్న తడి మట్టిలో గాలి అందని చోట కొన్ని బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ని వాడుకుని దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి. పొలాల ఎరువు నుంచి వచ్చే నైట్రేట్ చాలావరకు గెడ్డలో పడకముందే అలా గాలిలో కలిసిపోతుంది. గోడకి ఆ పని రాదు.

శారదఒడ్డు_రైతు
జూన్ 1, ఉదయం 6:00

మాది అనకాపల్లి దగ్గర, శారదా నది ఒడ్డు. ఇసుక తవ్వుకుపోయి ఏరు అడుగు దిగిపోయింది. దాంతోపాటే మా బావుల్లో నీరూ దిగిపోయింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, బావి నీరు ఏటి వైపు జారిపోయింది. ఇసుక ఉన్నన్నాళ్ళు అది నీళ్ళ తొట్టి అని మాకెవరూ చెప్పలేదు. ఆ గోడ మాట వద్దు.

సిటీ_వాసి
జూన్ 1, ఉదయం 7:10

ఇంత ఉందని నాకు తెలియదు. మా కాలనీ గెడ్డలో ఇప్పుడు వేసవిలో మురుగు తప్ప నీళ్ళు లేకపోవడానికి కారణం ఇదే అనిపిస్తోంది. చెప్పినందుకు థాంక్స్.

భీమిలి_తీరం
జూన్ 1, ఉదయం 7:55

బావుల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా వీధి బావి ఉప్పుతిరిగిపోయింది. ఇదీ ఇలాంటిదేనా?

రుషికొండ_అల
జూన్ 1, ఉదయం 9:30

మీది సముద్రం పక్క కాబట్టి వేరే కథ అన్నా. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టం పైన భూగర్భజలం 1 మీటరు ఉంటే, దాని కింద 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది. కాబట్టి బోర్లతో తోడి పైన 1 మీటరు దించితే కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టు. చుట్టుపక్కల కొత్త బోర్లు పడ్డాయా?

భీమిలి_తీరం
జూన్ 1, ఉదయం 9:42

పడ్డాయి. చాలా.

నిర్వాహకులు
జూన్ 1, ఉదయం 10:00

తీరం బావుల మీద విడిగా చర్చ తెరిచాం, అక్కడ కొనసాగించండి. ఇక్కడ గెడ్డ సంగతే ఉండనివ్వండి.

గెడ్డగట్టు
జూన్ 8, రాత్రి 10:20

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నేను, మా కెమిస్ట్రీ మేడమ్, ఇంకో ముగ్గురు. ఆ కుర్రాడు కూడా వచ్చాడు. నేనే పిలిచాను.

కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం 2కి 9.6. సాయంత్రం 6కి 7.1. రాత్రి 10కి 4.0. అర్ధరాత్రి దాటాక 2కి 2.2. ఉదయం 4కి 1.1. 5కి 0.7.

అంకెలు తర్వాత వచ్చాయి, ముందు సీసా రంగే చెప్పేసింది. మధ్యాహ్నం సీసా కాఫీ డికాషన్‌లా ఉంది. ఉదయం 5 గంటల సీసాని టార్చి వెలుగులో ఎత్తి చూస్తే దాదాపు తెల్లగా ఉంది. ఎవరం మాట్లాడలేదు. ఆ కుర్రాడు సీసా చేతిలోకి తీసుకుని "మా అమ్మకి చూపిస్తాను సార్" అన్నాడు. మందులేవో కాస్త కారతాయేమోనని మూత బిగించి, కవరులో పెట్టి నేనే వాళ్ళింటికి తీసుకెళ్ళాను. పొద్దున్న ఏడింటికి రామాలయం అరుగు మీద రెండు సీసాలు పక్కపక్కన పెట్టి ఊరివాళ్ళకి చెప్పాను. పశువుల కాపరి తాత ఒకాయన "పొద్దుటి నీళ్ళకి ఊపిరి లేదన్నమాట" అన్నాడు. నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

ల్యాబ్‌బెంచి
జూన్ 8, రాత్రి 10:50

మాస్టారూ, 5 గంటలకి 0.7 అంటే పరిగెలు బతకవు. చాలా చేపలకి కనీసం 4, 5 ఉండాలి. పీహెచ్ కూడా చూశారా?

గెడ్డగట్టు
జూన్ 8, రాత్రి 10:57

చూశాం. మధ్యాహ్నం 9.0, తెల్లారి 7.2.

ల్యాబ్‌బెంచి
జూన్ 8, రాత్రి 11:20

అనుకున్నదే. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకోవడంతో పీహెచ్ ఎక్కుతుంది. అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. కోళ్ళ ఎరువు నుంచి అమోనియా వస్తుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది 1 శాతం లోపే. పీహెచ్ 9 అయితే దాదాపు 45 శాతం. అంటే చేపలకి రాత్రి ఊపిరి ఆడదు, పగలు మొప్పలు మండుతాయి. ఆ కుప్ప సంగతి ముందు చూడండి.

ఏరుమద్ది
జూన్ 9, ఉదయం 6:30

ఎవరైనా గుర్రపుడెక్క వేస్తే నీళ్ళు శుభ్రమవుతాయని సలహా ఇస్తే వినకండి. భాస్వరం పీల్చుకునే మాట నిజమే, కానీ నీటి మీద దుప్పటిలా కప్పేసి గాలి అందనివ్వదు. చచ్చి కుళ్ళితే పీల్చుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది.

నీటి అంచున తుంగ, రెల్లు. ఆ పైన వావిలి, దాని కొమ్మ విరిచి గుచ్చినా బతుకుతుంది, కోతపడే గట్టుని బాగా పట్టుకుంటుంది. ఆ వెనకాల ఏరుమద్ది, నేరేడు. కానుగ కాస్త పైన. ఏరుమద్ది పేరులోనే ఏరు ఉంది, కాళ్ళు నీటిలో ఉన్నా దిగులుపడదు. వానలు మొదలవగానే పెట్టాలి. వావిలి కొమ్మలు నాలుగు వందలు నేను ఇస్తాను, బండి మీరు తెచ్చుకోండి.

ఎర్రమట్టి
జూన్ 9, ఉదయం 8:10

మొక్కలు పెట్టేముందు ఒక చిన్న పరీక్ష చేయించండి, పిల్లలే చెయ్యొచ్చు. రెండు వైపులా కోసేసిన పెద్ద నూనె డబ్బా తీసుకోండి. మట్టిలో నాలుగు వేళ్ళ లోతు దిగ్గొట్టి, లీటరు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడమనండి. మిగిలిన చెట్ల కింద ఒకసారి, టిప్పర్లు తిరిగిన చోట ఒకసారి. ఒక్కోచోట మూడేసి సార్లు.

గెడ్డగట్టు
జూన్ 14, సాయంత్రం 5:35

సార్, స్కూలు తెరవగానే చేశాం. కానుగల కింద సగటున మూడున్నర నిమిషాలు. టిప్పర్ల దారిలో 52 నిమిషాలైనా అడుగున నీళ్ళు అలాగే ఉన్నాయి, ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె "ఇక్కడ వానపాములు లేవు సార్, అందుకే దారి లేదు" అంది. తవ్వి చూస్తే నిజంగానే లేవు.

ఎర్రమట్టి
జూన్ 14, రాత్రి 7:40

ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. వేళ్ళు కుళ్ళిన బొరియలు, వానపాముల దారులు, ఆకు కుళ్ళు పట్టి ఉంచిన మట్టి ఉండలు, నీరు ఇంకేది వీటి వల్లే. బరువు బండి నాలుగుసార్లు తిరిగితే అవి నలిగిపోతాయి. మళ్ళీ తయారవడానికి ఏళ్ళు పడతాయి. నాటే ముందు అక్కడ గునపంతో గుల్ల చేయించి, ఎండాకు వెయ్యండి.

గెడ్డగట్టు
జులై 2, రాత్రి 9:00

కోళ్ళ ఫారం ఆయన దగ్గరకి పంచాయతీ పెద్దలతో కలిసి వెళ్ళాం. గొడవ పడతారేమో అనుకున్నాను. రెండు సీసాల కథ విని, మర్నాడే ట్రాక్టరు పెట్టి కుప్ప గట్టు నుంచి తీయించారు. ఇప్పుడు వెనకాల పొలంలో కప్పు కింద పోస్తున్నారు. లేఅవుట్ వాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చివరికి గెడ్డ వెంట ఆరు మీటర్లు మాత్రం వదిలారు. నేను ఇరవై అడిగాను. ఆ పద్నాలుగు మీటర్లు నాకు ఇంకా బాధగానే ఉంది.

ఆ ఆరు మీటర్లలో వావిలి, రెల్లు పెట్టాం. ఏరుమద్దులు ముప్పై.

ఏరుమద్ది
జులై 2, రాత్రి 9:30

ఆరు మీటర్లు మట్టిని కొంత ఆపుతాయి, నీడ కూడా వస్తుంది. ఎరువు పూర్తిగా ఆగడానికి చాలవు. మిగతాది అడుగుతూనే ఉండండి, నేనూ వస్తాను.

గెడ్డగట్టు
సెప్టెంబరు 21, రాత్రి 8:45

వానలకి గెడ్డ కడిగినట్టయింది, నాచు కొట్టుకుపోయింది. కాబట్టి ఇప్పటి అంకెల్ని మన పనికి ముడిపెట్టడం తొందరపాటే. అసలు పరీక్ష మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో. అయినా చెప్తాను: ఈ ఉదయం 5కి ఆక్సిజన్ 5.8.

పిల్లలు రాళ్ళు తిప్పి చూశారు. జూన్‌లో చూసినప్పుడు ఎర్రటి సన్న పురుగులు తప్ప ఏమీ లేవు. రుషికొండ_అల గారు అప్పుడే చెప్పారు, వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టు హీమోగ్లోబిన్ ఉంటుందని, అందుకే గాలి లేని బురదలోనూ బతుకుతాయని. ఇప్పుడు రెండు రాళ్ళకింద మూడు తోకల పిల్లపురుగులు దొరికాయి. తూనీగ పిల్లలు నాలుగు. వావిలి మూడొంతులు చిగిర్చింది. ఏరుమద్దుల్లో పదకొండు మేకలు తినేశాయి.

రుషికొండ_అల
సెప్టెంబరు 21, రాత్రి 9:10

మూడు తోకలవి మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు అయ్యుండొచ్చు సార్. వాటిలో చాలా రకాలు మురికి నీటిలో ఉండలేవు. ఫొటో ఉంటే పెట్టండి, ఏ కుటుంబమో చూస్తాను. ఇప్పటి నుంచి ప్రతినెలా ఒకసారి తెల్లారి కొలిచి రాసిపెట్టుకుంటే, మేలో ఏం జరిగినా పోల్చడానికి మన దగ్గర లెక్క ఉంటుంది.

గెడ్డగట్టు
సెప్టెంబరు 21, రాత్రి 9:25

కొలుస్తాం. ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు, ప్రతినెలా మొదటి ఆదివారం తెల్లారి తనే సీసాలు నింపుతానని. మందులు మాత్రం మేడమ్ పోస్తారు. ఒకటే ఇబ్బంది, మా దగ్గర ఆరు సీసాలుండేవి, రెండు పగిలాయి. ఎవరి దగ్గరైనా 300 ఎంఎల్‌వి పాతవి ఉంటే చెప్పండి.

ల్యాబ్‌బెంచి
సెప్టెంబరు 21, రాత్రి 9:40

నాలుగున్నాయి. మూతలు సరిగ్గా పడతాయో లేదో చూసి శనివారం మద్దిలపాలెం తెస్తాను.

భీమిలి_తీరం
సెప్టెంబరు 22, ఉదయం 4:50

మొదటి ఆదివారం నేనూ వస్తాను మాస్టారూ. ఆ టైముకి నాకు మెలకువ అలవాటే.